తల్లికి అండ, బిడ్డకు పునాది: తొలి మూడేళ్ల వ్యక్తిత్వ వికాసం – కట్టంగూర్ సందర్భం

సాకేవాళ్లతో ఏర్పడే తొలి బంధాల నుంచే శిశువు వ్యక్తిత్వం రూపుదిద్దుకుంటుందని మనోవిశ్లేషణలోని వస్తు సంబంధాల సిద్ధాంతం చెబుతుంది. శిశువు ప్రేమ, భయం, కోపం ఎవరి చుట్టూ అల్లుకుంటాయో ఆ మనిషే ఇక్కడ ‘వస్తువు’. ఈ సిద్ధాంతాన్ని తల్లిని తప్పుపట్టడానికి వాడటం అన్యాయం. ఆమెకు దొరుకుతున్న అండ ఎంతో చూడటానికి దాన్ని వాడాలని నల్లగొండ జిల్లా కట్టంగూర్ మండలం ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

సిద్ధాంత నేపథ్యం

మెలనీ క్లైన్ 1946లో రాసిన వ్యాసం ప్రకారం తొలి నెలల శిశువు ఆకలి తీర్చే తల్లినీ, ఆకలితో ఏడిపించే తల్లినీ ఇద్దరిగా అనుభవిస్తాడు. మొదటి ఏడాది రెండో త్రైమాసికం నుంచి ఆ ఇద్దరూ ఒక్కరేనన్న ఎరుక కలుగుతుంది. కోప్పడిన మనిషి మీదే బెంగ పుడుతుంది, తన కోపం వల్ల జరిగిన నష్టాన్ని సరిదిద్దాలన్న తపన మొదలవుతుంది. మనిషి మొదట వెతికేది సుఖాన్ని కాదని, బంధాన్నని ఎడిన్‌బరోలో పనిచేసిన ఫెయిర్‌బెర్న్ వాదించాడు.

పిల్లల వైద్యుడైన డొనాల్డ్ వినికాట్ దృష్టిలో సాకేవాళ్లను పక్కనపెట్టి శిశువు గురించి మాట్లాడలేం. బిడ్డకు లోపమెరుగని తల్లి అక్కర్లేదు, చాలినంత మంచి తల్లి ఉంటే చాలు. బిడ్డను పట్టుకునే ఆ తల్లికీ ఆసరాగా ‘పట్టు’ ఉండాలన్నది ఆయన ఆలోచనలో కీలకం. మార్గరెట్ మాలర్ 1975 నాటి పుస్తకంలో 15–24 నెలల దశను ప్రత్యేకంగా గుర్తించింది. నడక నేర్చి దూరం పోయిన పిల్లవాడు ఈ వయసులో మళ్లీ తల్లి ఒడిని వెతుక్కుంటాడు. వచ్చినప్పుడల్లా ఆ ఒడి దొరకడం మీదే అతని ధైర్యం నిలుస్తుంది.

భారతీయ చర్చ

మనదేశంలో తల్లీబిడ్డల గాఢమైన అనుబంధాన్ని సుధీర్ కాకర్ 1978లో విశ్లేషించాడు. పిల్లవాణ్ణి తల్లి నుంచి మెల్లగా కుటుంబ సమూహంలోకి మళ్లించడమే ఇక్కడి ఎదుగుదల దారి అని స్టాన్లీ కర్ట్జ్ 1992లో ప్రతివాదం చేశాడు. ఈ ఇద్దరి వాదాల్లోనూ ఇంట్లో మరికొన్ని చేతులు ఉన్నాయన్న నమ్మకం ఉంది. ఆ చేతులూ కూలికి పోవలసి వస్తే బిడ్డ సంగతేమిటన్నదే అసలు ప్రశ్న.

కట్టంగూర్ సందర్భం

హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద నార్కట్‌పల్లి, నకిరేకల్ మధ్య ఉన్న ఈ మండలం వరి, పత్తి పండే ప్రాంతం. దసరా రోజుల నుంచి పత్తి ఏరే పని ఊపందుకుంటుంది. ఆ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లదే. 2017 చట్ట సవరణతో 26 వారాలకు పెరిగిన వేతన ప్రసూతి సెలవు పత్తి చేల కూలి తల్లికి అందదు. చంటిబిడ్డను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పడుకోబెట్టాలి, లేదా నాయనమ్మకో అక్కకో అప్పగించాలి. నాయనమ్మ ఒడి తల్లి ఒడికి తక్కువేం కాదు. రోజుకో చేతికి మారడమే బిడ్డకు కష్టం. ఆ అక్క బడి మానేస్తే ఒక బిడ్డ కోసం మరో బిడ్డ బాల్యం ఖర్చవుతుంది.

2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెడుతుంది. వినికాట్ చెప్పిన పట్టుకు ఇది మన ఊళ్లో కనిపించే రూపం. కానీ అక్కడ బడికి ముందటి చదువు మూడేళ్లు నిండినవారికే. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా ఇంటికి బాలామృతం అనే పోషకాహారం వస్తుంది, పగలంతా చూసుకునే మనిషి మాత్రం రారు. క్లైన్, మాలర్ చెప్పిన కీలక దశలన్నీ మూడేళ్లలోపు ఈ ఖాళీలోనే పడుతున్నాయి.

ముగింపు

పని చోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకు మించి ఉంటే ఒక మహిళను వారిని చూసుకోవడానికి పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం నిర్దేశించింది. ఆ సూత్రం పత్తి చేలకూ విస్తరించాలి. మూడేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి. పత్తి ఏరే రోజుల్లో కూలి వేళలకు తగ్గట్టు దాన్ని తెరవాలి, బిడ్డ గుర్తుపట్టే మనిషే రోజూ అక్కడ ఉండాలి. నాయనమ్మల సేవకూ గుర్తింపు, సాయం దక్కాలి. తొలి బంధాల నిలకడ మీదే వ్యక్తిత్వం ఆధారపడుతుందని ఒప్పుకుంటే, ఆ నిలకడను కూలి తల్లి ఒక్కదాని మీద మోపడం తగదు. అది ఊరి బాధ్యత, ప్రభుత్వ బాధ్యత.