బొల్లారము, మెదకు చర్చిలు: ఆంగ్ల గ్రామదేవాలయపు పోలిక

సుచిత్ర కూడలి నుండి నాగపూరు బాటను ఉత్తరముగా పోవువారు మేడ్చల్, తూప్రానుల మీదుగా మెదకు సీమకు చేరుదురు. ఆ కూడలికి ఈశాన్యమున బొల్లారపు దండు ప్రదేశము కలదు. బొల్లారమందలి హోలీ ట్రినిటీ చర్చిని, మెదకునందలి కెథీడ్రలును చూచినవారు రెంటిని మధ్యయుగపు కట్టడములని చెప్పుట మేము పలుమారులు వింటిమి. వాస్తవమునకు మొదటిది 1847 నాటిది. రెండవది 1914, 1924 సంవత్సరముల నడుమ కట్టబడినది. ఐనను ఆ మాట పూర్తిగా నిరాధారము కాదు. కాలము ఆధునికమైనను రూపము మధ్యయుగమునకు చెందినది. ఆ రూప మెక్కడిది? ఈ నేలపై దానికి కలిగిన అర్థ మెట్టిది? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింతుము.

మధ్యయుగపు ఇంగ్లండులో ఒక గురువు పాలనకు లోబడిన గ్రామపరిధిని పారిష్ అనెడివారు. ఆ పరిధికి చెందిన చర్చిలో రెండు భాగములు ముఖ్యములు. జనులు నిలుచు పొడవైన శాల నేవ్. తూర్పుకొనను గురువు పూజ జరుపు భాగము ఛాన్సెల్. మన దేవాలయములందలి ముఖమండపమును, గర్భాలయమును తలచుకొన్నచో ఈ విభాగము సుబోధమగును. గమనింపదగిన దేమనగా, ఛాన్సెల్ మరమ్మతు గురువుదిగాను, నేవ్ మరమ్మతు గ్రామస్థులదిగాను ఆచారము స్థిరపడినది. అనగా చర్చిలో సగము జనుల సొత్తు వంటిది. దాని భారమును వారే మోసిరి. మొదట అర్ధవృత్తపు తోరణములును, పండ్రెండవ శతాబ్ది చివర నుండి మొనతేలిన తోరణములును ఈ కట్టడములందు కానవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ రూపమునకు పునర్జన్మ కలిగినది. 1839లో వెలసిన కేంబ్రిడ్జి కామ్డెన్ సంఘము మధ్యయుగపు గ్రామ చర్చియే అన్ని చర్చిలకును ఆదర్శమని బోధించెను. బొల్లారపు చర్చి ఈ ఉద్యమము ప్రబలియున్న దశాబ్దిలోనిదే. విక్టోరియా రాణి తన సొంత ధనముతో దానిని కట్టించెనని ప్రసిద్ధి. 1983 నవంబరు 20న రెండవ ఎలిజబెత్ రాణి తన వివాహ వార్షికోత్సవ సందర్భమున ఇచట ప్రార్థనకు వచ్చెను. చర్చి కట్టిన నాడు బొల్లారము హైదరాబాదు కంటింజెంటు సైన్యపు నెలవు. కావున రూపము గ్రామ చర్చిది. దాని పారిష్ మాత్రము గ్రామము కాదు, దండు.

మెదకు కథ వేరు. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఈ కట్టడమునకు పూనుకొనెను. కరవునకు లోనైన గ్రామీణులు ఇచట పనిచేసి అన్నము సంపాదించుకొనిరి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. కట్టడము సిలువ ఆకారము కలది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురపు ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది ఒకేసారి ప్రార్థన చేయవచ్చును. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దముల గవాక్షములు క్రీస్తు జననమును, సిలువ మరణమును, ఆరోహణమును చూపును. కట్టిన నాడు ఆ సంఘమునకు ఇచట బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడిన పిమ్మటనే ఇది బిషప్పు పీఠమైనది.

ఇచట ఒక అపోహను తొలగింపవలసియున్నది. మొనతేలిన తోరణమును చూచినంతనే అది ఆంగ్లేయులు తెచ్చినదని కొందరు తలతురు. 1591 నాటి చార్మినారును, గోలకొండ చెంత కుతుబ్‌షాహీ సమాధులను చూచినవారికి ఈ భ్రమ నిలువదు. అట్టి తోరణమును దక్కను కట్టుబడివారు అంతకుముందే ఎరుగుదురు. క్రొత్తగా వచ్చినది తోరణము కాదు. నేవ్, ఛాన్సెల్, గోపురము అను వాటి కూర్పు.

ఈ రెంటిని సరిపోల్చినచో మాకు తోచున దిది. బొల్లారము ఆంగ్ల గ్రామదేవాలయపు ఆకృతిని తెచ్చుకొన్నది. అంతకంటె ఎన్నో రెట్లు పెద్దదైన మెదకు కెథీడ్రలు, రూపమున గ్రామ చర్చికి దూరమైనను, దాని అంతస్సారమునకు చేరువైనది. జనులు తమ చేతులతో లేపిన శాల యది. ఐతే ఒక భేదమును మరువరాదు. ఆంగ్ల గ్రామస్థుడు ఆచారబద్ధుడై ఆ భారము మోసెను. మెదకు గ్రామీణుడు ఆకలికి లోనై మోసెను. రాళ్లెత్తినవారి పేర్లు గోడలపై లేవు. వారిలో ఒక్కరును నేడు సజీవులై యుండరు. వారి మనుమల నోట మిగిలిన మాటలే శేషించినవి. వాస్తుశైలిని బట్టి కాలనిర్ణయము చేయుటతోనే తృప్తిపడక, ఆ మాటలు అంతరింపకముందే పల్లెపల్లెకు పోయి సేకరించుట పరిశోధక విద్యార్థుల ప్రథమ కర్తవ్యమని మా విన్నపము.