లుచేరా: రాజు సొత్తుగా బతికిన ఊరు

దక్షిణ ఇటలీలో, అపూలియా మైదానానికి ఎగువన గుట్ట మీద ఉంది లుచేరా. చూడవచ్చినవాళ్లకు అగస్టస్ కాలపు రోమన్ క్రీడారంగాన్ని, సుమారు 900 మీటర్ల చుట్టుకొలత ఉన్న కోటగోడను, ఊరి నడుమ సాంతా మరియా కెథడ్రల్‌ను చూపిస్తారు. ఒకప్పుడు ఇది అజాన్ వినిపించిన ఊరు. నేడు ఒక్క మసీదూ మిగల్లేదు.

సిసిలీ ముస్లింలు తిరగబడ్డారని చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1220ల నుంచి వాళ్లను వేల సంఖ్యలో ఇక్కడికి తరలించాడు. పుట్టిన నేల సముద్రానికి అవతలే ఉండిపోయింది. కొత్తచోట వాళ్లు గోధుమ పండించారు, ఆయుధాలు చేశారు. తమను పెకలించిన చక్రవర్తికే విలుకాండ్రయి కాపలా కాశారు. ఆయన వాళ్ల మతం జోలికి పోలేదు, 1233లో ఇక్కడ రాజభవనమూ కట్టించాడు. కానీ చట్టం దృష్టిలో వాళ్లు రాజు ఖజానాకు చెందిన దాసులు. పతనానికి విత్తనం అక్కడే పడింది.

1250లో ఫ్రెడరిక్ పోయాక ఆయన కొడుకు మాన్‌ఫ్రెడ్‌కు ఆశ్రయమిచ్చింది లుచేరా. 1266లో బెనెవెంతో యుద్ధంలో అతని పక్షాన ఈ విలుకాండ్రు పోరాడారు. మాన్‌ఫ్రెడ్ అక్కడే నేలకొరిగాడు, రాజ్యం ఆంజూ వంశపు చార్లెస్ చేతికి పోయింది. ఆ తర్వాత ఫ్రెడరిక్ మనవడు, పదహారేళ్ల కాన్రాదిన్ వస్తే అతని కోసమూ ఊరు లేచింది. 1268లో నేపుల్స్‌లో ఆ బాలుడి తల నరికించిన చార్లెస్, లుచేరాను ముట్టడించి ఆకలితో మాడ్చాడు. 1269 ఆగస్టులో ఊరు లొంగిపోయింది. కొత్త రాజుకు కూడా వాళ్లు పన్నులు కట్టారు, అతని యుద్ధాల్లో నెత్తురు ధారపోశారు.

1300 ఆగస్టులో అతని కొడుకు రెండో చార్లెస్ ఊరిని నిర్మూలించమన్నాడు. సిసిలీ కోసం సాగిన యుద్ధాలతో అతను అప్పుల్లో ఉన్నాడు. అతను పంపిన జొవాన్నీ పిపీనో ఆ పని పూర్తిచేశాడు. ఊళ్లో ముస్లింలు సుమారు 15 నుంచి 20 వేలమంది ఉండేవారని చరిత్రకారుల అంచనా. చనిపోయినవాళ్లు చనిపోగా, మిగిలినవాళ్లలో అత్యధికులను బానిసలుగా అమ్మేశారు. పంటలు, పశువులు ఖజానాకు చేరాయి. ఊరికి సాంతా మరియా నగరమని పేరు పెట్టారు. ఆ ఏడే మొదలైన కెథడ్రల్‌కు 1302లో ప్రతిష్ఠ జరిగింది.

మూడు తరాలు విశ్వాసం చూపినా ఆ జనానికి హక్కంటూ ఏదీ దక్కలేదు, దక్కిందల్లా రాజు దయ. ఫ్రెడరిక్ వాళ్లను ఆస్తిగా రాసుకోకపోతే రెండో చార్లెస్‌కు అంత సులువుగా అమ్ముకునే వీలుండేది కాదు. లుచేరా రాళ్లను చూసి మెచ్చుకునేవాళ్లు ఈ ఇద్దరి పేర్లూ కలిపే తలచుకోవాలి.