గేరుందా, లేదా?

గేరు లేని బండి ఆడవాళ్ళ బండి అని మన ఇళ్ళలో ఒక మాట పాతుకుపోయింది. ఆ మాట అనే మగవాళ్ళకి జపానులో పళ్ళెం మోసే కుర్రాడి సంగతి ఎవరైనా చెప్తే బాగుండును. ఆ పుణ్యం నేనే కట్టుకుంటాను.

1956లో సోయిచిరో హోండా, ఆయన భాగస్వామి టకేయో ఫుజిసావా యూరప్ వెళ్ళి అక్కడి బుల్లి మోపెడ్లు చూసొచ్చారు. తమ దేశంలో అందరూ నడపగలిగే బండి ఒకటి చెయ్యాలనుకున్నారు. అప్పట్లో అక్కడ హోటల్ కుర్రాళ్ళు సోబా అనే ఒకరకం సేమ్యా గిన్నెలు పళ్ళెంలో పేర్చి, ఒక చేత్తో భుజాన మోస్తూ, రెండో చేత్తో సైకిలు హ్యాండిలు పట్టుకుని ఇంటింటికీ అందించేవారు. ఆ కుర్రాడు ఒంటిచేత్తో నడపగలగాలి అని హోండాగారి పట్టుదల. మరి మోటారు సైకిలుకి ఎడమ చెయ్యి క్లచ్‌కే అంకితం కదా! ఆ చెయ్యి ఖాళీ కావాలంటే క్లచ్ తన పని తనే చూసుకోవాలి. అలా 1958లో సూపర్ కబ్ వచ్చింది. 50 సీసీ ఇంజను, కాలితో మార్చే మూడు గేర్లు. క్లచ్ లివరు మాత్రం లేదు. 2017 నాటికి ఆ బండ్లు పది కోట్లు తయారయ్యాయంటే చూసుకోండి.

క్లచ్ అంటే ఏమిటంటారా? ఇంజను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, చక్రం మాత్రం సిగ్నల్ దగ్గర ఆగాలి. ఈ రెంటినీ విడదీసి మళ్ళీ కలిపేది క్లచ్. మామూలు బండిలో ఆ కలపడం మన వేళ్ళ పని. అదే దానంతట అదే ఎలా కలుస్తుందో తెలియాలంటే చిన్నప్పటి ఒప్పులకుప్ప గుర్తు తెచ్చుకోండి. మెల్లిగా తిరిగితే పరికిణీ కాళ్ళకి అంటుకునే ఉంటుంది, జోరు పెరిగితే గొడుగులా విచ్చుకుంటుంది. ఇంజను జోరందుకుంటే లోపలి బిళ్ళలు అలాగే బయటికి విచ్చుకుని, చుట్టూ ఉన్న గిన్నెని పట్టుకుంటాయి. బండి కదులుతుంది. అంతే!

మన దేశానికి ముందొచ్చింది మాత్రం ఇటలీ పద్ధతి. అక్కడ 1946లో పుట్టిన వెస్పాకి గేర్లు ఎడమచేతి పిడిలోనే ఉండేవి. క్లచ్ నొక్కిపట్టి, పిడి మెలితిప్పి, అంకె సరిచూసుకోవాలి. గౌను వేసుకున్నవాళ్ళు కూడా ఎక్కడానికి వీలుగా మధ్యలో అడ్డకడ్డీ లేని బండి అది! దాన్నే బజాజ్ వారు మొదట లైసెన్సు మీద తయారుచేశారు, 1972 నుంచి రాణా ప్రతాపుడి గుర్రం పేరు పెట్టి చేతక్ అన్నారు. బుక్ చేసుకుంటే చేతికొచ్చేసరికి ఏళ్ళు గడిచేవి. వచ్చాక అది ఆయనగారి గుర్రం. పొద్దున్నే దాన్ని ఓ పక్కకి వంచి, నిలబెట్టి, కిక్కు మీద కిక్కు కొట్టాలి. చీరకట్టుతో ఆ పని అయ్యేదా? వెనక సీటు మీద ఓ పక్కకి తిరిగి, ఒళ్ళో పిల్ల, చేతిలో సంచీతో కూర్చోవడమే మనకి మిగిలింది.

ఆ 1972లోనే లూనా పుట్టింది. గేరు లేదు, క్లచ్ లివరు లేదు, ఎత్తు వస్తే తొక్కడానికి పెడల్సు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను నేర్చుకున్నది అదే. ఎవరి వీలూ కనుక్కోకుండా నేను బయటికి వెళ్ళిన మొదటి రోజులు దాని మీదివే. తర్వాత 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. మీట నొక్కితే ఇంజను పలికేది. లోపల రెండు గిలకలూ ఒక బెల్టూ; జోరుని బట్టి ఒక గిలక పెద్దదవుతుంటే రెండోది చిన్నదవుతుంది. గేర్లు చేసే పని అదే చేసేస్తుంది. 2001లో వచ్చిన యాక్టివా గురించి నేను చెప్పక్కర్లేదు, మీ వాకిట్లో చూసుకుంటే చాలు.

ఇంత చరిత్రా ఎందుకంటే, విశాఖలో ఉద్యోగం వచ్చిన మా మేనకోడలు మోటారు సైకిలు కొంటానంది. మా అన్నయ్య "ఆడపిల్లకి గేర్లెందుకే? గేరు లేని స్కూటరు కొనిస్తా" అన్నాడు. "అత్తా, నాన్నకి నువ్వయినా చెప్పు" అని అది నా మీద పడింది.

మద్దిలపాలెం రద్దీలో గేరు లేని బండే హాయి, కాదనను. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి భయం వేస్తే ఏం చేస్తారు? పిడికిలి బిగిస్తారు. గేరు లేని బండిలో ఆ కుడి పిడికిలి కాస్త తిరిగిందా, బండి ముందుకి ఉరుకుతుంది. గేరు బండిలో ఎడమ పిడికిలి బిగిస్తే క్లచ్ విడిపోయి, చక్రానికి ఇంజను జోరు అందదు. భయపడ్డ చెయ్యే కొంత కాపాడుతుందన్నమాట. పైగా ఈ పిల్లకి ఆదివారమొస్తే స్నేహితురాళ్ళతో అరకు వెళ్ళాలని సరదా. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు చిన్న గేరులో ఉంటే ఇంజనే వెనక్కి పట్టి ఉంచుతుంది, ఊరికే బ్రేకుల మీద ఆధారపడక్కర్లేదు. మరొకటి, 1988 చట్టం గేరున్న మోటారు సైకిలూ లేనిదీ వేరువేరు తరగతులంది. గేరు లేనిదానికే లైసెన్సు తీసుకుంటే గేరు బండి ముట్టుకోకూడదు. గేరున్నదానికి తీసుకుంటే రెండూ నడపొచ్చు. అందుకని నేర్చుకోవడం మాత్రం గేరు మీదే నేర్చుకోమన్నాను, కొనడం దాని ఇష్టం. ఖాళీ మైదానంలో పది రోజులు ఇంజను ఆగిపోతూ, మళ్ళీ లేస్తూ నేర్చుకుంది. గేరు బండే కొనుక్కుంది.

అన్నయ్య నెల రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. ఈలోగా ఎడమ మోకాలు అరిగి, తన మోటారు సైకిలు గేరు వెయ్యలేక, గేరు లేని స్కూటరు తనే కొనుక్కున్నాడు. దాని మీదే రైతుబజారుకి వెళ్తున్నాడు. కాళ్ళ దగ్గర కూరల సంచీకి చోటుందని తెగ మెచ్చుకుంటున్నాడు.