పథకం ఢిల్లీది.. సిఫార్సు జిల్లాది.. నిర్ణయం బ్యాంకుది
బందరు నుంచి దివిసీమ దాకా ఉపాధి నిధులు నడిచే దారి

మచిలీపట్నం: రోల్డ్‌గోల్డ్ నగలు, కలంకారీ అద్దకం, బందరు లడ్డు, గుడివాడ బియ్యం మిల్లులు, దివిసీమ చేపల వేట.. కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో పొలం పనులు కాక వేలాది కుటుంబాలకు కూడు పెట్టే వృత్తులివి. వీటిలో కొత్తగా యూనిట్ పెట్టేవారికి సర్కారు సాయం ఉందని అందరూ విన్నదే. అది ఏ సంస్థ ద్వారా వస్తుంది, ఎంత వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నదే చాలామందికి అంతుపట్టదు. ఈ సొమ్ములో అధిక భాగం నేరుగా లబ్ధిదారు చేతికి రాదు. ప్రభుత్వం నుంచి సంస్థకు, సంస్థ సిఫార్సుపై బ్యాంకుకు, అక్కడి నుంచి దరఖాస్తుదారుకు చేరుతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఉపాధి కాగితాల మీదే మిగిలిపోతుంది.

అన్నీ ఒకే చోట..

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొంది. అదే ఏడాది డిసెంబరు 23న కేంద్రం కొత్త పారిశ్రామిక విధానాన్ని ప్రకటించింది. చిన్న పరిశ్రమలు మహానగరాలకే పరిమితం కాకుండా జిల్లాల్లో, పల్లెల్లో పెరగాలన్నది దాని సారాంశం. ఆ మేరకు 1978 మే నుంచి జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఏర్పాటయ్యాయి. స్థలం, ముడిసరుకు, యంత్రాలు, అప్పు, మార్కెట్ వంటి అవసరాలన్నింటికీ ఔత్సాహికులు ఒకే కార్యాలయం గడప తొక్కితే చాలన్నది అప్పటి ఆలోచన. 1993-94 నుంచి కేంద్రం తన ఆర్థిక సాయాన్ని ఉపసంహరించుకోవడంతో వీటి నిర్వహణ భారం రాష్ట్రాలపై పడింది. ఈ కార్యాలయం దరఖాస్తును పరిశీలించి సిఫార్సు చేయగలదు. అప్పు మంజూరు అధికారం మాత్రం బ్యాంకుదే.

ఉమ్మడి కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణం మచిలీపట్నమే అయినా పలు జిల్లా కార్యాలయాలు విజయవాడలోనే ఉండేవి. నాగాయలంక, కోడూరు వాసులకు ఒక్క సంతకం కోసం రోజు కూలి వదులుకోక తప్పేది కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. గుడివాడ, దివిసీమ ప్రాంతాలు మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలోనే కొనసాగాయి.

పది లక్షల లెక్క

సొంత యూనిట్ పెట్టేవారికి ప్రధాన ఆధారం ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం (పీఎంఈజీపీ). 1993లో ప్రారంభమైన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజనను, గ్రామీణ ఉపాధి కల్పన కార్యక్రమాన్ని కలిపి 2008లో దీనిని తెచ్చారు. ఖాదీ కమిషన్, ఖాదీ బోర్డు, జిల్లా పరిశ్రమల కేంద్రం దీనిని అమలు చేసే సంస్థలు. 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు కేంద్రం రూ.13,554.42 కోట్లు కేటాయించింది. 2022 సవరణతో యూనిట్ వ్యయ పరిమితి తయారీ రంగంలో రూ.25 లక్షల నుంచి 50 లక్షలకు, సేవారంగంలో రూ.10 లక్షల నుంచి 20 లక్షలకు పెరిగింది.

ఈ నిబంధనల ప్రకారం రాయితీ జనరల్ కేటగిరీకి పట్టణాల్లో 15 శాతం, గ్రామాల్లో 25 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, దివ్యాంగులు, మాజీ సైనికులకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం. ఘంటసాల మండలంలోని ఒక గ్రామంలో మహిళ రూ.10 లక్షలతో యూనిట్ పెడితే తన వాటాగా రూ.50 వేలు వేసుకోవాలి. మిగిలిన రూ.9.50 లక్షలు బ్యాంకు ఇస్తుంది. రాయితీ రూ.3.50 లక్షలు ఆమె పేరిట బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటాయి. ఆ సొమ్ముకు వడ్డీ రాదు, అంత మేరకు అప్పుపై వడ్డీ పడదు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తున్నట్లు తనిఖీలో తేలితేనే రాయితీ అప్పుకు జమ అవుతుంది. అదే మహిళ పెడన పురపాలక సంఘం పరిధిలో అద్దకం యూనిట్ పెడితే రాయితీ రూ.2.50 లక్షలే. ఊరి పేరు మారితే లక్ష రూపాయల తేడా.

గూటికి చేరితేనే సాయం

రోల్డ్‌గోల్డ్ పనిలో సమస్య వేరు. గొలుసు అల్లేవారొకరు, అతికేవారు మరొకరు, పూత వేసేవారు ఇంకొకరు. చాలామంది ఇంటి వద్దనే ముక్కల లెక్కన కూలికి పనిచేసేవారే. వీరికి యూనిట్ లేదు, లైసెన్సు లేదు. పథకాలు మాత్రం యూనిట్‌నే గుర్తిస్తాయి. పోతేపల్లిలో నగల తయారీకి ప్రత్యేక పార్కు వెలిసినా ఇంటి పనివారికి దారి చూపేది సమష్టి ప్రయత్నమే. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం 2010 మార్గదర్శకాల ప్రకారం కనీసం 20 యూనిట్లు ఒక సంస్థగా ఏర్పడితే రూ.15 కోట్ల వరకు వ్యయమయ్యే ఉమ్మడి సదుపాయాల కేంద్రానికి 70 శాతం గ్రాంటు లభించేది. ఖరీదైన యంత్రాలు, నాణ్యత పరీక్షలు ఒక్కరి తాహతుకు మించినవి. వాటిని అందరికీ అందుబాటులోకి తేవడమే ఈ కేంద్రాల పని.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం చేతివృత్తుల వారిని వ్యక్తులుగానే గుర్తించింది. పరికరాలకు రూ.15 వేలు, 5 శాతం వడ్డీకి తొలి విడత రూ.లక్ష, మలివిడత రూ.2 లక్షల రుణం ఇందులో ఉన్నాయి. 18 వృత్తుల జాబితాలో స్వర్ణకారులు, పడవ తయారీదారులు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు. అద్దకం పనివారికి చోటు దక్కలేదు.

2006 నేర్పిన పాఠం

సర్కారు సాయం సకాలంలో అందకపోతే ఏమవుతుందో కృష్ణా జిల్లా ముందే చూసింది. ఇంటింటికీ అప్పులిచ్చిన సూక్ష్మరుణ సంస్థల అధిక వడ్డీలు, వసూళ్ల ఒత్తిడిపై ఫిర్యాదులు వెల్లువెత్తగా 2006 మార్చిలో జిల్లా యంత్రాంగం సుమారు 50 శాఖలను మూయించింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), 2007లో పట్టణాల కోసం ఏర్పడిన మెప్మా ద్వారా డ్వాక్రా సంఘాలకు అందే బ్యాంకు రుణాలే అలాంటి అప్పులకు ప్రత్యామ్నాయం. సంఘం రుణం ఆలస్యమైన చోట వడ్డీ వ్యాపారి వాకిట్లో నిలుస్తాడు.

మూడేళ్ల తర్వాత ఎన్ని?

ఏటా లక్ష్యం ఎంత, ఎన్ని యూనిట్లు మంజూరయ్యాయి అన్న లెక్కలే సమీక్షల్లో ఎక్కువగా వినిపిస్తాయి. ఈ ప్రాంత యువత బతుకుతెరువుకు విజయవాడ, హైదరాబాద్ బస్సు ఎక్కకుండా ఆపేది మాత్రం నిలదొక్కుకున్న యూనిట్లే. రాయితీ జమకు ముందు తనిఖీ తప్పనిసరి కాబట్టి ఆ లెక్క కార్యాలయాల్లో ఉండితీరాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద మండలాలవారీగా దానిని కోరే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది.