జార్ విప్పితే ఏమవుతుంది? – ఓ స్ట్రట్స్ కథ

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు, "అన్నా, ఓపెన్ సోర్సే కదా.. ఆ జార్ విప్పి రెండు లైన్లు మార్చేస్తే పోలా?" అని. పోదు నాయనా అన్నాను. ఎందుకు పోదో చెప్పాలంటే కాస్త వెనక్కెళ్ళాలి.

జేఎస్పీ పేజీల్లోనే హెచ్‌టీఎమ్మెల్, జావా, ఎస్‌క్యూఎల్ అన్నీ కలిపేసి పులిహోర చేస్తున్న రోజుల్లో క్రెయిగ్ మెక్లనహన్ స్ట్రట్స్ రాశాడు. 2000 మే నెలలో దాన్ని అపాచీకి ఇచ్చేశాడు. 2001 జూన్‌లో 1.0 వచ్చింది. నేను అమీర్‌పేటలో జిరాక్సు నోట్సు పట్టుకుని తిరిగే నాటికి, అంటే 2005కి, జావా ఉద్యోగం కావాలంటే స్ట్రట్స్ రాకపోతే కుదరదు.

ఫ్రేమ్‌వర్క్ అన్నాక దాని పని అది చేస్తుంది. మధ్యలో మన సొంత పని ఒకటి ఉంటుంది కదా, ఉదాహరణకి ప్రతి రిక్వెస్టుకీ ముందు యూజరు లాగిన్ అయ్యాడో లేదో చూడటం. అది ఎక్కడ పెట్టాలి? 1.0లో అయితే ఏకంగా యాక్షన్‌సర్వ్‌లెట్‌నే ఎక్స్‌టెండ్ చెయ్యాలి. 2003 జూన్‌లో వచ్చిన 1.1లో ఆ పనులన్నీ రిక్వెస్ట్‌ప్రాసెసర్ అనే క్లాసులోకి మార్చారు. ఒక్కో దశకి ఒక్కో మెథడ్, మనకి కావలసింది ఓవర్‌రైడ్ చేసుకోవచ్చు. బాగానే ఉంది.

చిక్కల్లా ఏమిటంటే, ఒక మాడ్యూల్‌కి ప్రాసెసర్ ఒక్కటే. జావాలో ఒక క్లాసుకి తండ్రీ ఒక్కడే. టైల్స్ వాడితే టైల్స్‌రిక్వెస్ట్‌ప్రాసెసర్ కావాలి. 2004 మార్చిలో 1.0గా విడుదలైన స్ప్రింగ్, స్ట్రట్స్‌తో కలవడానికి డెలిగేటింగ్‌రిక్వెస్ట్‌ప్రాసెసర్ ఇచ్చింది. మరి రెండూ కావాలంటే? డెలిగేటింగ్‌టైల్స్‌రిక్వెస్ట్‌ప్రాసెసర్ అని ఇంకోటి రాశారు! పేరు చదివేసరికే ఆయాసం వస్తుంది. దాని కింద మళ్ళీ మనది తగిలించుకోవాలి.

2006లో వచ్చిన 1.3లో దీన్ని సరిచేశారు. ఒకే క్లాసు బదులు గొలుసు పెట్టారు, ఎక్స్‌ఎమ్మెల్ ఫైల్లో మన కమాండ్ ఒకటి మధ్యలో చేర్చుకోవచ్చు. కానీ అప్పటికే ఆలస్యమైంది. వెబ్‌వర్క్ అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్‌లో ఇంటర్‌సెప్టర్లతో ఈ పని చక్కగా జరిగిపోతోంది. రెండు ప్రాజెక్టులూ కలుస్తున్నట్టు 2005లో ప్రకటించారు, 2007 ఫిబ్రవరిలో స్ట్రట్స్ 2 వచ్చింది. పేరు స్ట్రట్సే గానీ లోపలున్నది వెబ్‌వర్క్. పాత కోడ్ ఉన్నదున్నట్టు దాని మీద నడవదు. దాంతో చాలామంది పాతదాన్నే పట్టుకు వేళ్ళాడారు. మేమూ అంతే.

ఇక నా ఘనకార్యం. 2006లో మా క్లయింటుకి ఒక చిన్న కోరిక.. ఫామ్‌లో వచ్చే ప్రతి విలువకీ ముందూ వెనకా ఉన్న ఖాళీలు తీసెయ్యాలి. ప్రాసెస్‌పాపులేట్ ఓవర్‌రైడ్ చేస్తే సరిపోయేది. కానీ టైల్స్, స్ప్రింగ్ ప్రాసెసర్ల గొడవలో మళ్ళీ వేలు పెట్టడానికి బద్ధకించి, 1.2 సోర్సు తెచ్చి, రిక్వెస్ట్‌యుటిల్స్‌లో రెండు లైన్లు మార్చి, అదే పేరుతో జార్ చేసి పెట్టేశాను. శుక్రవారం సాయంత్రానికి పని అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారు.

2013 ఏప్రిల్‌లో స్ట్రట్స్ 1కి ఇక సపోర్టు లేదని అపాచీ ప్రకటించింది. సరిగ్గా ఏడాదికి, 2014 ఏప్రిల్‌లో, అందులో పెద్ద కంత బయటపడింది. "క్లాస్" అని మొదలయ్యే పారామీటరు పంపి క్లాస్‌లోడర్ దాకా వెళ్ళిపోవచ్చు. అదీ నేను చెయ్యి పెట్టిన ఆ పాపులేట్ దారిలోనే! ముందు ఒక ఫిల్టర్ పెట్టాం. ఫైల్ అప్‌లోడ్ ఫామ్‌లలో వచ్చే పారామీటర్లు దానికి కనబడవు, కాబట్టి జార్ లోపలే సరిచెయ్యాలి. తీరా చూస్తే సోర్సు లేదు. నా రెండు లైన్ల పక్కన ఇంకెవరెవరో ఏవేవో మార్చారు. దారి చూపించింది నేనే, వాళ్ళననేదేముంది? డీకంపైల్ చేసి, అసలుదానితో లైను లైనూ పోల్చడానికి వారం పట్టింది. ఆ వారమంతా అప్‌లోడ్ పేజీలు మూసేశాం.

ఓపెన్ సోర్స్ లైసెన్సు మార్చుకునే హక్కు ఇస్తుంది. నిజమే. కానీ మార్చిన రోజు నుంచీ దాని బాగోగులు చూసే బాధ్యత మనదే. ఫ్రేమ్‌వర్క్ వాళ్ళు మన కోసం వదిలిన చోటు ఉంటే, అది ఎంత ఇరుగ్గా ఉన్నా అక్కడే కోడ్ పెట్టాలి. లేకపోతే ప్యాచ్ రాసి వాళ్ళకే పంపాలి. ఏదీ కుదరక మార్చక తప్పకపోతే, జార్ పేరు మార్చి, ఏం మార్చామో, ఎందుకు మార్చామో సోర్సుతో సహా దాచాలి.

కుర్రాడు విన్నాడు, ఎక్స్‌టెన్షన్ క్లాసు రాస్తానన్నాడు. రెండ్రోజులు ఎక్కువ పడుతుందట. పట్టనీ అన్నాను.

మీ ప్రాజెక్టులో కూడా లిబ్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి. పేరు అసలుదే ఉండి, సైజు మాత్రం తేడాగా ఉన్న జార్ ఏదైనా కనిపిస్తుందేమో!