ఒక్క పైసా పట్టీ

ముచ్చింతల ఊరికి మశూచి తగిలింది. సోదె అడిగితే మైసమ్మకు కోపమొచ్చిందని, దున్నపోతును బలి ఇస్తే తప్ప చల్లబడదని తేలింది. పోతును కొనడానికి ఊరి పెద్దలు ఇంటింటికీ పట్టీ వేశారు. అందరూ ఇచ్చారు, క్రైస్తవులు మాత్రం ఇవ్వబోమన్నారు. పెద్దలకు కావలసింది వాళ్ల డబ్బు కాదు. ఊళ్లో ఒక్క గడప మిగిలినా అమ్మవారు శాంతించదు కాబట్టి గుర్తుగా ఒక్క పైసా ఇచ్చినా చాలన్నారు. అదీ ఇవ్వకపోయేసరికి ఊరి బావిలో నీళ్లు చేదుకోనివ్వలేదు, దుకాణంలో సరుకు పెట్టలేదు. పైసా పడేద్దాం, మనసులో మాత్రం దేవుడికి మా ఉద్దేశం ఇది కాదని చెప్పుకుందాం అని సంఘంలోనే కొందరు అన్నారు. సంఘ పెద్ద ఎల్లయ్య ఒప్పుకోలేదు. అంతలో క్రైస్తవుల ఇంట్లోనే ఒక పిల్లకు మశూచి సోకింది. ఎల్లయ్య నడిచివెళ్లి మిషనరీ చేత ప్రార్థన చేయించాడు. వారం తిరిగేసరికి పిల్ల చనిపోయింది. స్వస్థత అడిగి తెచ్చుకోలేనివాణ్ని నేనేం మిషనరీనని ఆయన కుంగిపోయాడు. కొన్నాళ్లకు ఎల్లయ్య తిరిగొచ్చి చెప్పిన మాట వేరు. పిల్ల బతికితే ఊరు మన దేవుడి బలం ఒప్పుకునేదే, కానీ ఆ పిల్ల ఎప్పటికైనా చావాల్సిందేనని ఊరికి తెలుసు. సమాధి దగ్గర మనం మళ్లీ కలుస్తామన్న ధైర్యంతో నిలబడటం చూశాక ఇప్పుడు మన దారి గురించి అడుగుతున్నారు అన్నాడట.

ఈ ఉదంతాన్ని రాసినవాడు ఆ మిషనరీయే, పౌల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మిషనరీ దంపతులకు పుట్టి, ఇక్కడే పెరిగి, మిషనరీగా పనిచేసి, ఆ తర్వాత మానవశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోని కొండూరు మీద ఆయన రాసిన గ్రంథం 1971లో అచ్చయింది. కొండూరును, ముచ్చింతలను గుర్తుచేయడానికి ఒక కారణం ఉంది. బైబిల్ పాఠాలను ఈనాటి బతుక్కి ఎలా అన్వయించాలన్న ప్రశ్న వస్తే మన దగ్గర ప్రసంగ వేదిక వైపో, వేదాంత కళాశాల వైపో చూడటం అలవాటు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల సంఘాల నూరేళ్ల చరిత్ర మాత్రం వేరే చోటు చూపిస్తుంది. ఇక్కడ వాక్యం నిలిచింది బావి దగ్గర, పట్టీ దగ్గర, చచ్చిన గొడ్డు దగ్గర. ఊరు ఒక ప్రశ్న వేసినప్పుడు సంఘం కూర్చుని దానికి తానే జవాబు వెతుక్కున్న చోట అది పాతుకుంది. ఆ ప్రశ్నను సంఘం ముందుకు తేకుండా దాటేసిన చోట, ఎన్ని ప్రసంగాలు జరిగినా పాతుకోలేదు.

వచ్చిన మిషనరీల పుట్టుకే ఇందులో చిత్రమైన సంగతి. వాళ్ల శాఖ అయిన మెన్నొనైట్ బ్రదరన్ 1860లో దక్షిణ రష్యాలో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న జర్మన్ మాట్లాడే రైతుల పల్లెల్లో పుట్టింది. ఇళ్లలో నలుగురూ చేరి బైబిల్ చదువుకునే కూటాలే దానికి మూలం. పాత సంఘం చల్లబడిపోయిందని వాళ్లు విడిపోయారు. 1870లలో చాలామంది అమెరికా మైదానాలకు వలస వెళ్లి గోధుమ పండించారు. రష్యాలో మిగిలినవాళ్ల తరఫున అబ్రహాం ఫ్రీసెన్ అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండ చేరాడు. 1899లో అమెరికా నుంచి ఎన్.ఎన్.హీబర్ట్ బృందం హైదరాబాద్ వచ్చింది. తర్వాతి దశాబ్దంలో డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో కేంద్రం తెరిచాడు, ఇంకొన్నేళ్లకు వనపర్తిలో మరొకటి వచ్చింది. గద్వాల, మహబూబ్‌నగర్ క్షేత్రాలు బాప్టిస్టుల చేతిలో ఉండి 1937లో వీళ్ల చేతికి వచ్చాయి. నాగర్‌కర్నూలులో 1920లో మొదలైన బైబిల్ పాఠశాల తర్వాత శంషాబాద్‌కు మారింది. జడ్చర్ల ఆసుపత్రి 1950ల ఆరంభానిది. ఇంట్లో కూర్చుని బైబిల్ చదవడం కోసం సొంత సంఘాన్నే వదులుకున్నవాళ్ల వారసులు ఇక్కడికొచ్చి గోడ కట్టిన కాంపౌండులో బంగళా వేసుకుని దొరలయ్యారు. ఇది ఎత్తిపొడుపు కాదు, అప్పటి రాజ్యమే అలాంటిది. గద్వాల, వనపర్తి సంస్థానాలు. నాగర్‌కర్నూలు వైపు నిజాం సర్కారు. తెల్లవాడంటే దొర తప్ప ఇంకో మాట ఊరికి తెలియదు.

ఆ కాలపు హైదరాబాద్ రాజ్యంలో చదువొచ్చినవాళ్లు నూటికి ముగ్గురికి అటూ ఇటూ. గద్వాల పండితులను సత్కరించి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం. శాస్త్రానికి అర్థం చెప్పే హక్కు ఎవరిదో అక్కడ ఎవరూ అడగనక్కర్లేదు. అదే సంస్థానం పల్లెల్లో ఊరి చివరి వాడలో, అక్షరం ముట్టని చోట, ఒక పుస్తకాన్ని పైకి చదివి వినిపించి, దీనికి అర్థం మీరే చెప్పండి అనడం ఎంత వింతో ఊహించుకోవచ్చు. పుస్తకం భాష కూడా ఇంటి భాష కాదు. తెలుగు కొత్త నిబంధన 1818లో శ్రీరాంపురంలో అచ్చయింది. ఆ తర్వాత ఎన్ని సవరణలు జరిగినా గ్రాంథిక ఛాయ పోలేదు. ఉర్దూ, కన్నడం కలిసిన గద్వాల మాటకు అది దూరం. అందుకే ఇక్కడ బైబిల్ చదివిన పుస్తకం కంటే విన్న పుస్తకం, పాడిన పుస్తకం. వినేవాడు వచనాల సంఖ్య పట్టుకోడు, కథ పట్టుకుంటాడు. తన బతుకులో దానికి జోడీ ఎక్కడుందో వెతుకుతాడు.

వాళ్ల బతుకులో మొదటి జోడీ వెట్టితో కుదిరింది. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మాదిగ క్రైస్తవులకు మూడు కట్టుబాట్లు పెట్టాడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. బాప్టిస్టుల చేతుల మీదుగా తెలుగు సంఘాలకు అందిన వారసత్వం ఇది. పైకి మూడూ భక్తి నియమాలే. ఊళ్లో మాత్రం మూడూ మూడు దెబ్బలు. వెట్టివాడికి వారంలో ఒక రోజు తనదని చెప్పడమంటే ఆసామి లెక్కను కాదనడమే. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయి తినడం మాదిగ ‘హక్కు’, ఆ హక్కుతోపాటే అంటరానితనం. యెరూషలేములో అపొస్తలులు, పెద్దలు కూర్చుని అన్యజనుల సంఘాలకు ఏ భారం మోపాలి, ఏది వద్దు అని తేల్చిన సంగతి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది. ఆ చిన్న జాబితాలోనూ విగ్రహాలకు అర్పించినది, రక్తం, గొంతు పిసికి చంపినది అన్న తిండి సంగతులున్నాయి. ఎవరింట్లో ఎవరు కూర్చుని తినగలరన్నదే అక్కడి అసలు ప్రశ్న. పాలమూరు ఊళ్ల ప్రశ్న కూడా అదే. అందుకే ఆ అధ్యాయం వాళ్లకు పాత కథ కాదు. (1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా చచ్చిన గొడ్డు మాంసం మానేయమన్నాడు. దారులు వేరైనా ముల్లు ఒక్కటే.)

ఇప్పుడు ఆ పైసా దగ్గరికి వద్దాం. ఎల్లయ్య సంఘం ఏ వచనం పట్టుకుందో ఉదంతంలో లేదు. ఇకపై చెప్పేది నా చదువు. కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 వరకు అధ్యాయాలు సరిగ్గా ఈ తగవు మీదే. పైసా ఇద్దామన్నవాళ్లను పిరికివాళ్లనడం సులువు. కానీ పౌలు వాళ్లకూ ఆధారం ఇస్తాడు: విగ్రహం ఒట్టిదే, కాబట్టి సంతలో అమ్మే మాంసాన్ని ఏమీ అడగకుండా తినొచ్చు. అయితే ఆయనే ఇంకొంచెం ముందుకెళ్లి, ఎవరైనా ఇది బలి అర్పించినదని నీతో చెబితే, చెప్పినవాడి కోసం తినొద్దంటాడు. ముచ్చింతల పెద్దలు చేసింది ఆ చెప్పడమే. పైసా పైసాగా అడగలేదు, ఊరంతా మైసమ్మ కింద ఒక్కటన్న గుర్తుగా అడిగారు. గుర్తుగా అడిగినదాన్ని మనసులో వేరే లెక్క పెట్టుకుని ఇవ్వడం కుదరదు. ఎల్లయ్య అక్షరం నేర్చినా నేర్వకపోయినా ఈ తేడా పట్టుకున్నాడు. చాలా వ్యాఖ్యాన గ్రంథాలు పేజీలకు పేజీలు తిప్పి చెప్పేది ఇదే.

ఆ పిల్ల చావు దగ్గర ఇంకో పాఠం ఉంది. 1982లో పౌల్ హీబర్ట్ రాసిన ప్రసిద్ధ వ్యాసం లూకా 7వ అధ్యాయంతో మొదలవుతుంది. రాబోయేవాడివి నువ్వేనా అని యోహాను శిష్యులు అడిగితే యేసు తర్కం చెప్పలేదు, రోగులను బాగుచేసి చూపించాడు. భారతదేశంలో మిషనరీగా ఆ భాగం చదువుతుంటే తనకు ఇబ్బందిగా అనిపించిందని హీబర్ట్ ఒప్పుకుంటాడు. తాను వాదనతో బోధిస్తున్నాడు, ఊరేమో పిల్లకు జ్వరం ఎందుకొచ్చిందని అడుగుతోంది. పైన దేవుడు, కింద సైన్సు. మధ్యలో మైసమ్మ, దిష్టి, చేతబడి ఉన్న అంతస్తు పాశ్చాత్యుడి ఇంట్లోనే లేదు. ఆ అంతస్తుకు జవాబు చెప్పకపోతే క్రైస్తవుడు ఆదివారం గుడికీ, అర్ధరాత్రి భూతవైద్యుడి దగ్గరికీ వెళ్తాడు. ఈ గ్రహింపు ప్రపంచంలోని ఎన్నో వేదాంత పాఠశాలలకు పాలమూరు పల్లెల అనుభవంతో తయారై వెళ్లింది. ఎవరు ఎవరికి బోధించారన్నది అంత తేలిగ్గా తేలే లెక్క కాదు. 1980లలో ఆయన సూచించిన పద్ధతి కూడా అక్కడిదే: ఒక ఆచారం ఎదురైతే తొందరపడి కొట్టేయకుండా, కళ్లు మూసుకుని ఒప్పుకోకుండా, ముందు దాని అర్థమేమిటో జనాన్నే అడగాలి, తర్వాత దానికి సంబంధించిన లేఖనం కలిసి చదవాలి, నిర్ణయం సంఘమే చేయాలి.

ఇదంతా బియ్యానికీ, మందుకూ మతం మారినవాళ్ల కథ కదా, దీనికి ఇంత వేదాంతం ఎందుకు అన్న మాట పాతదే. బడి, ఆసుపత్రి ఆకర్షించలేదంటే అబద్ధం. కరువు సీమలో ఆకలిని తప్పుపట్టేవాడు ముందు తన కంచం చూసుకోవాలి. లాభం కోసమే వచ్చినవాళ్లు నష్టం వచ్చినప్పుడు వెళ్లిపోవాలి కదా. బావి మూసినా ముచ్చింతల వాళ్లు వెళ్లలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్లకు దక్కింది బీసీ–సీ కింద ఒక్క శాతం. సర్టిఫికెట్ కోసం పేరు దాచుకున్న కుటుంబాలు ఉన్నాయి, దాచుకోనివాళ్లూ ఉన్నారు. ఏదేమైనా లాభం లెక్క మాత్రం ఎదురుదిక్కునే ఉంది.

ఇంకో అభ్యంతరం సంఘం లోపలిది, కాస్త బరువైనది. చదువురాని నలుగురు కూర్చుని వాక్యానికి అర్థం తేలిస్తే ఎవరికి తోచింది వాళ్లదవుతుంది, సిద్ధాంతం ఏమైపోతుంది? హీబర్ట్ ఇదే ప్రశ్నను పాపయ్య అనే రైతు పేరుతో అడిగాడు: ఒక్కసారి సువార్త విన్న నిరక్షరాస్యుడు క్రైస్తవుడు కాగలడా? గిరి గీసి లోపలివాడెవరు, బయటివాడెవరు అని చూస్తే కాలేడు. మధ్యలో ఉన్న క్రీస్తు వైపు తిరిగాడా, నడుస్తున్నాడా అని చూస్తే కాగలడు. నడవడం మాత్రం ఒంటరిగా కుదరదు. దారి తప్పిన బోధలు నిజానికి సంఘాలు కలిసి కూర్చున్నందుకు పుట్టినవి కావు. అడ్డుచెప్పే నలుగురు లేని ఒక్క మనిషి నోట పుట్టినవే ఎక్కువ.

బలమైన అభ్యంతరం ఇవేవీ కాదు. ఇంత వాక్యం చదివిన సంఘాల్లో కులం ఎందుకు పోలేదు? గలతీయులు 3:28 కంఠస్థం వచ్చిన ఇంట్లో మాల పిల్లకు మాదిగ సంబంధం ఎందుకు పనికిరాదు? కొరింథీయులకు రాసిన అదే పత్రిక 6వ అధ్యాయంలో సహోదరుడి మీద సహోదరుడు కోర్టుకెక్కడం ఓటమే అని ఉంటే, మిషనరీలు వెళ్లాక భూముల కోసం, పదవుల కోసం తెలుగు సంఘాలు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ ఎందుకు తిరిగాయి? దీనికి సమాధానం నా వాదనను కూల్చదు, చేదుగా బలపరుస్తుంది. పైసా ప్రశ్నను ఊరు బయటి నుంచి వేసింది, తప్పించుకునే వీలు లేదు. పెళ్లి ప్రశ్ననూ ఆస్తి ప్రశ్ననూ మనకు మనమే వేసుకోవాలి. 1958లో మిషన్, సంఘం ఒకే కాన్ఫరెన్సు కిందికి వచ్చాయి. పాలక మండలి వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, ఎన్నికలు వచ్చాయి. దొర సంతకం పెట్టే చోట అధ్యక్షుడు సంతకం పెట్టాడు. భూమి ఎవరిదన్న దాని మీద కాగితాలు పెరిగాయి, లేఖనం తెరిచి కూర్చున్న కూటాలు పెరగలేదు.

ఇక ఇప్పటి సంగతి. 2016 అక్టోబరులో నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఆ కలెక్టరేట్ల చుట్టూ ఉన్న పల్లెలు దశాబ్దాలుగా ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతో దేశమంతటా ఆనకట్టలు కట్టాయి, గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి బస్సు ఎక్కాయి. పాస్టరు బోధించే సంఘంలో సగం కుర్చీలు సంక్రాంతికో, ఎన్నికలకో తప్ప నిండవు. మరోవైపు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బుట్టలోంచి వాగ్దానపు కార్డు తీసే ఆచారం ఊరూరా పాకింది. ఆ బుట్టలో యిర్మీయా 29:11 లేకుండా ఉండదు: సమాధానం, భవిష్యత్తు, నిరీక్షణ. కార్డును ఫ్రేములో పెట్టి గోడకు తగిలిస్తారు. తప్పు పట్టాల్సింది కార్డును కాదు. ఆ మాట ఎవరికి రాసిన ఉత్తరంలోదో చెప్పకపోవడమే తప్పు. అది బబులోనుకు బలవంతంగా పోయిన వలసజనానికి వెళ్లిన ఉత్తరం. మీరు తొందరలో తిరిగిరారు, డెబ్బై ఏళ్లు పడుతుంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్నం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అని 5 నుంచి 10 వరకు వచనాలు చెబుతాయి. రెండేళ్లలో తిరిగొచ్చేస్తాం అని తీపి మాటలు చెప్పిన ప్రవక్తను దానికి ముందు అధ్యాయంలోనే యిర్మీయా ఖండించాడు.

బొంబాయి పునాదుల్లో కంకర మోసిన మనిషికి ఆ అధ్యాయాన్ని విప్పి చెప్పడానికి పండితుడు అక్కర్లేదు. కాంట్రాక్టరు కట్టించే పట్నం క్షేమం కోసం ఎలా ప్రార్థించాలి, కూలి ఎగ్గొట్టినప్పుడూ ప్రార్థించాలా, అక్కడే ఇల్లు కట్టుకుంటే ఊళ్లో పొలం, ఊళ్లో సంఘం ఏమవుతాయి అన్న ప్రశ్నలు అతని దగ్గరే ఉన్నాయి. ఆ ప్రశ్నలు వేదిక మీదికి రావడం లేదు. సంక్రాంతికి బస్సులు దిగుతాయి, ఆ వారం గుడి నిండుతుంది. ఆ ఆదివారం ఒక్కసారికి ప్రసంగం ఆపి, యిర్మీయా 29వ అధ్యాయం మొదటి వచనం నుంచి పైకి చదివించి, వాళ్లను మాట్లాడనివ్వండి.