మస్టర్ చదివి వినిపించిన రోజులు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు మీద మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వెళ్తుంటే కనకమామిడి వస్తుంది. ఈ దారి ఊళ్లలో సర్కారు మీద జనం ఏమనుకుంటున్నారో తెలియాలంటే రచ్చకట్ట మీదో, చాయ్ హోటల్ బల్ల మీదో కూర్చుని వినాల్సిందే. ఆ మాటకు రాత లేదు, లెక్క లేదు. 1952 ఎన్నికలతో లెక్కయితే వచ్చింది. కానీ ఓటు ఐదేళ్లకోసారి పడే ఒక్క గుర్తు. అది పింఛను అందని కోపమో, రోడ్డు పడ్డ సంతోషమో పెట్టె తెరిచినా తెలియదు.

111 జీవో సంగతే చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న వచ్చిన ఆ ఉత్తర్వు 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేసింది. మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్లు అందులో చాలా ఉన్నాయి. భూమి ఉన్నవాళ్లలో ఎందరో ఎత్తేయమన్నారు. నీళ్ల గురించి బెంగపడ్డవాళ్లు ఉంచమన్నారు. ఎన్నికలకు ఎన్నికలు గడిచాయి. ఆ ఒక్క విషయంపై జనం తీర్పు ఇదీ అని ఓట్ల లెక్క చూపించి చెప్పగలవాళ్లు లేరు.

అదే 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిన పల్లెల గోడు ఢిల్లీకి వినిపించాలని వేసిన నామినేషన్లే అందులో ఎక్కువ. ఓటుకు నోరు లేకపోతే బ్యాలెట్ కాగితాన్నే అర్జీగా మార్చారు.

నాయకులు కూడా వింటున్నామని చూపించక తప్పలేదు. 1997లో జన్మభూమి సభలు మొదలయ్యాయి. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచే పాదయాత్రకు బయల్దేరి ఇచ్ఛాపురం దాకా నడిచారు. 2009 సెప్టెంబర్ 2న ఆయన చివరి ప్రయాణం కూడా రచ్చబండ కార్యక్రమానికే. ఈ సభల్లో జనం చెప్పుకున్నారు, పెద్దలు విన్నారు. అయితే లెక్క చెప్పాల్సింది మాత్రం పెద్దలు కాదు.

ఆ వరస తిరగబడింది ఉపాధి హామీతో. 2006లో పథకం మొదలైన తొలి జిల్లాల్లో రంగారెడ్డి ఒకటి. చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. రాజస్థాన్‌లో కూలీలు 1990లలో నడిపిన జన సునవాయిల (బహిరంగ విచారణల) నుంచి వచ్చిన పద్ధతి ఇది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీనికోసం 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టింది. కూలి కుటుంబాల పిల్లలే శిక్షణ పొంది, మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) నకళ్లు పట్టుకుని గడప గడపకూ తిరిగారు. జాబ్ కార్డు పక్కన మస్టర్ పెట్టి, "అవ్వా, నువ్వు పన్నెండు రోజులు పనికి పోయినవని రాసిండ్రు, నిజమేనా?" అని అడగడమే వాళ్ల పని. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని "ఆరే" అందంటే, మిగతా ఆరు రోజుల కూలి ఎవరి జేబులోకి పోయిందన్న ప్రశ్న మండల ప్రజా వేదిక దాకా వెళ్తుంది. అక్కడ మైకులో పేరు, రోజులు, రూపాయలు చదువుతారు. ఎదురుగా అధికారులు కూర్చుని ఉంటారు. బయటపడ్డ సొమ్ములో తిరిగి వసూలైంది కొంతే, నిజమే. అయినా సర్కారు మీద నమ్మకాన్ని కొలవడానికి మన దగ్గర ఇంతకంటే మంచి కొలబద్ద పుట్టలేదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ అడిగేది అవ్వ, జవాబు చెప్పేది ఆఫీసు.

తర్వాత మళ్లీ సర్వేల, దరఖాస్తుల కాలం వచ్చింది. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో తెలంగాణ ఇళ్లన్నీ సర్వే చేశారు. 2023 డిసెంబర్ 28 నుంచి పది రోజుల ప్రజాపాలనలో కోటికి పైగా అర్జీలు వచ్చిపడ్డాయి. వాటిలో జనం అవసరాలు తెలుస్తాయి. అర్జీ ఏ టేబుల్ మీద ఆగిందో తెలియదు.

2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఈ బీజాపూర్ రోడ్డు మీదనే. విస్తరణ ఏళ్ల తరబడి ఎందుకు నానిందని ఆ రోజు జనం అడిగారు. ఆ ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గరికి వచ్చింది, ఎన్ని రోజులు ఉంది, ఏం రాసి పంపారు? మస్టర్ చదివినట్టే చేవెళ్లలో మైకు పెట్టి దాన్ని కూడా వరసగా చదవాలి.